తగ్గిస్తారనుకుని చెప్పిన మాట

ఒక మాట ఏళ్లుగా నా మీద ఉండిపోయింది. అమ్ముడుపోని సరుకైతే ఇంత బాధ లేదు. మూలన పడేస్తాం, పురుగు పడుతుంది, ఒకరోజు ఊడ్చి పారేస్తాం. ఇది అమ్ముడుపోయింది. నేను ఆశించినదానికంటే మంచి ధరకే పోయింది. పోయిన సరుకు బరువు అమ్మినవాడి భుజం మీదే ఎందుకుంది? కొట్టు కూడా వదిలేశాక ఇప్పుడు అడుగుతున్నాను ఈ ప్రశ్న. ముందే అడిగితే జవాబు వస్తుందేమోనని భయం.

మీరెవరో నాకు తెలీదు. అదే మంచిది. తెలిసినవాళ్లకి చెబితే నా మొహం చూసి ఎంతో కొంత తగ్గిస్తారు. "పోనీలే, ఆ రోజుల్లో అందరం భయంగానే బతికాం" అంటారు. ఆ తగ్గింపుని కళ్లకద్దుకుని తీసుకునే రకాన్ని నేను. నా సంగతి నాకు తెలుసు కాబట్టే మీ దగ్గరికొచ్చాను.

మాది చీరాల. తాతది కిరాణా, నాన్నది కిరాణా, మేనమామలది బట్టల కొట్టు. నాకు మాటలు వచ్చింది బేరాలు వింటూనే. నాన్న ఒక రేటు చెప్పేవాడు. అది అమ్మే రేటు కాదని ఆయనకీ తెలుసు, కొనేవాడికీ తెలుసు. కొనేవాడు సగానికి అడిగేవాడు. అదీ కొనే రేటు కాదు. ఇద్దరూ అబద్ధంతో మొదలుపెట్టి, విసుక్కుని, నవ్వుకుని, ఎక్కడో మధ్యలో నిజం దగ్గర ఆగేవాళ్లు. అందులో మోసం ఉందని నాకెప్పుడూ అనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు. ఎదుటివాడికి కూడా ఆ ఆట తెలిసినంతకాలం.

ఇంగ్లండు వెళ్లాక నాటింగ్‌హామ్‌లో పెట్టిన నా కొట్టులో పాలు, బ్రెడ్డు, పేపర్లు, సిగరెట్లు ఉండేవి. వెనక షెల్ఫులో మనవాళ్ల కోసం కందిపప్పు, కరివేపాకు, గోంగూర పచ్చడి. తెల్లవాళ్లు అట్ట మీద రాసిన ధర ఇచ్చి వెళ్లిపోయేవాళ్లు. వాళ్లతో వ్యాపారం ఉప్పులేని పప్పు. నాతో బేరమాడిన ఒకే ఒక్క మనిషి లెస్లీ.

లెస్లీ నల్లవాడు. తల్లి జమైకా నుంచి వచ్చింది, ఇతను పుట్టింది ఆ ఊళ్లోనే. హాస్పిటల్లో పోర్టరు, అంటే పేషెంట్లని మంచాలతో సహా వార్డు నుంచి వార్డుకి తోసుకెళ్లే పని. ముప్పై దాటుతున్న మనిషి, తలుపులో వంగి రావాల్సినంత పొడుగు. బాగా మగ్గిన అరటిపళ్లు ఏరి తెచ్చి కౌంటర్ మీద పెట్టేవాడు. "బాస్, ఇవి రేపటికి బతకవు. నేనైతే ఈ పూట మర్యాదగా తింటాను" అనేవాడు. "అవి బంగారం, నీకేం తెలుసు" అనేవాణ్ణి నేను. చివరికి నేను తగ్గించేవాణ్ణి, అతను గెలిచినట్టు రెండు చేతులూ పైకెత్తి బయటికి నడిచేవాడు. ఆ కాసేపు నేను చీరాలలో ఉండేవాణ్ణి.

ఒక ఆదివారం పొద్దున కొట్టు తెరవబోతే షట్టర్ నిండా పెయింటుతో ఒక మాట రాసి ఉంది. ఆ వీధుల్లో మన రంగు వాళ్లని పిలిచే రెండక్షరాల మాట. ఇక్కడ రాయను. ఒకసారి కోర్టులో పైకి పలికాను, ఈ జన్మకి చాలు. ఎవరు రాశారో వీధికంతా తెలుసు. వెనక సందులో ఉండే తెల్ల కుర్రాళ్లు. మా లెటర్‌బాక్సులోంచి కుక్క పెంట తోసిందీ వాళ్లే. పోలీసులకి ఫోన్ చేశాను. వస్తామన్నారు. వారం తరవాత ఒకాయన వచ్చి, కెమెరా పెట్టుకోలేదా అని నన్నే అడిగి వెళ్లాడు.

ఆ ఆదివారం నేను బకెట్టు, బ్రష్షు పట్టుకుని షట్టర్ తోముతుంటే డ్యూటీ దిగి ఇంటికి పోతున్న లెస్లీ ఆగాడు. నా చేతిలోని బ్రష్షు తీసుకుని, నాకందని పైభాగం తోమడం మొదలెట్టాడు. కింద నేను, పైన అతను. చలికి నా వేళ్లు పనిచేయడం మానేశాయి. అతను మాత్రం పని పూర్తయ్యేదాకా కదల్లేదు. టీ ఇస్తానంటే, "టీ వద్దు, వచ్చేవారం అరటిపళ్లు" అని వెళ్లిపోయాడు.

ఇప్పుడు నేను చెప్పబోయేది ఆ మనిషికి చేసిన పని.

అప్పట్లో దేశమంతా పోలీసుల గురించే మాట్లాడుతోంది. లండన్లో ఒక నల్ల కుర్రాడి హత్య మీద విచారణ జరిగి, తప్పు ఒకరిద్దరు పోలీసులది కాదు, వ్యవస్థలోనే జాతి వివక్ష ఉందని పెద్ద నివేదిక వచ్చింది. మా లైబ్రరీ హాల్లో పోలీసులు జనాన్ని పిలిచి మీటింగులు పెట్టారు. నల్లవాళ్లని రోడ్డు మీద ఊరికే ఆపి జేబులు వెతకడం గురించి లెస్లీ అక్కడ లేచి మాట్లాడాడు. గొంతు పెంచలేదు. డ్యూటీకి వెళుతూ ఎలా ఆగాలో, చేతులు ఎక్కడ కనిపించేలా పెట్టుకోవాలో, మామూలుగా చూపించాడు. నేను వెనక వరసలో కూర్చుని బిస్కెట్లు తింటున్నాను. అతను చెప్పేది నిజమని నాకు తెలుసు. అయినా మనసులో అనుకున్నాను, ఇంతమందిని ఆపుతున్నారంటే ఏదో ఉండకుండా ఉంటుందా అని. వివక్షంటే ఏమిటో షట్టర్ మీద చదువుకున్నవాణ్ణి. ఆ మాట అనుకున్నది నేనే.

కొట్లో బ్యాటరీల పెట్టె ఒకటి కనపడకుండా పోయింది. శనివారం మధ్యాహ్నం లెస్లీ వచ్చాడు, భుజానికి ఎప్పుడూ ఉండే సంచీతోనే. ఏళ్లుగా చూస్తున్న సంచీ. ఆ రోజు నాకది పెద్దదిగా కనిపించింది. అతను అరటిపళ్లు తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. నేను బేరం మొదలెట్టలేదు.

"సంచీ ఒకసారి తెరిచి చూపిస్తావా" అన్నాను.

నవ్వాడు, వేళాకోళమనుకుని. నేను నవ్వలేదు. అప్పుడతని మొహంలోంచి ఏదో దిగిపోయింది. ఆ పొద్దున కూడా రోడ్డు మీద అతన్ని ఆపి వెతికారని నాకు తరవాత తెలిసింది. నా వైపు చూసి ఒకే మాట అన్నాడు.

"నువ్వు కూడానా, బాస్?"

గట్టిగా అనలేదు. నేను కౌంటర్ మీదుగా చెయ్యి చాచి సంచీ పట్టుకున్నాను. అతను లాక్కున్నాడు. ఆ ఊపుకి సంచీ వెళ్లి మిఠాయిల గాజు జాడీకి తగిలింది. జాడీ కిందపడి పగిలింది, ఒక పెంకు నా చేతిని కోసింది. అతను కోపంగా చిప్స్ స్టాండుని ఒక్క తన్ను తన్ని బయటికి పోయాడు. జరిగింది అంతే. నేను ఫోన్ అందుకున్నాను.

ఈసారి పోలీసులు నా టీ చల్లారేలోపే వచ్చారు. ఆశ్చర్యపోయాను. నా చేతికి కట్టు కట్టారు. కుర్చీ వేసి కూర్చోబెట్టారు. 'సర్' అన్నారు. ఆ దేశంలో నన్ను 'సర్' అన్న మొదటి పోలీసు ఆయనే, మీసాలు కూడా సరిగ్గా రాని కానిస్టేబులు. జరిగింది చెప్పాను, ఆ దాకా నిజమే చెప్పాను. ఆయన రాసుకున్నాడు. రాయడం అయిపోయాక కూడా పెన్ను ఎత్తిపట్టుకుని ఆగాడు.

"ఇంకేమన్నా అన్నాడా? అంటే... మీ రంగు గురించి, మీ దేశం గురించి?"

చీరాలలో మా కొట్లో తూకం అయ్యాక కొనేవాళ్లు వెంటనే వెళ్లేవాళ్లు కాదు. పొట్లం చేతిలో పెట్టుకుని అలా నిలబడేవాళ్లు, కొసరు కోసం. నాన్న ఇంకో చిటికెడు పప్పు పైన వేసేవాడు. వేయకుండా ఎవర్నీ పంపింది లేదు. ఆ కానిస్టేబులు అలా నిలబడ్డాడు. ఆ మధ్యే కొత్త చట్టం వచ్చింది, మామూలు నేరమే జాతి ద్వేషంతో చేస్తే శిక్ష ఎక్కువ. మాలాంటివాళ్లని కాపాడటానికే తెచ్చారు. పైవాళ్లు అలాంటి కేసులు చూపించమంటున్నారని పత్రికల్లో చదివాను. ఆయనకేం కావాలో నాకు తెలిసిపోయింది. గిరాకీ మొహం చదవడం నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇది ఇస్తే మళ్లీ ఫోన్ చేసినప్పుడు కూడా ఇంత తొందరగానే వస్తారు. అదీ నా లెక్క.

ఆ మాట నా దగ్గర సిద్ధంగా ఉంది. పెయింటుతో రాసి మరీ తెచ్చిచ్చిన మాట. తెల్ల కుర్రాళ్లు నాకిచ్చినదాన్ని తీసి, దాన్ని షట్టర్ మీద నుంచి తోమిన మనిషి నోట్లో పెట్టాను.

"అవును, అన్నాడు" అన్నాను.

నాలుక తడబడలేదు. అది నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

సోమవారం బ్యాటరీల పెట్టె దొరికింది. చెమ్మ తగలకుండా మా ఆవిడ కెటిల్స్ వెనక సర్దింది. పోలీసులకి ఫోన్ చేయొచ్చు కదా అంది తను. బ్యాటరీల గురించి నేనసలు వాళ్లకి చెప్పనేలేదు అన్నాను. అది నిజమే. తనకి నేను కలిపి చెప్పిన ఆ మాట సంగతి తెలీదు.

ఎందుకు వెనక్కి తీసుకోలేదు? నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఒక జవాబు ఉంది, నవ్వకండి. తగ్గిస్తారనుకున్నాను. నిజంగానే. నేను ఎక్కువ చెప్పాను, అవతలివైపు లాయరు తక్కువ చెబుతాడు, మధ్యలో ఎక్కడో తేలుతుంది, ఆ మాట తీసేసి జాడీ ఒక్కటే మిగులుస్తారు, మందలించి వదిలేస్తారు. కోర్టంటే పెద్ద కొట్టనుకున్నాను. లెస్లీ లాయరు సరిగ్గా అదే అడిగాడట, జాడీ నేరం ఒప్పుకుంటాం, జాతి ద్వేషం తీసేయండని. ప్రాసిక్యూషన్ ఆవిడ నాకు ధైర్యం చెబుతున్నట్టు చెప్పింది ఆ సంగతి.

"కుదరదన్నాం. ఇదివరకు ఆ భాగాన్ని వదిలేసి రాజీపడేవాళ్లు. ఇప్పుడలా చేయకూడదని ఆదేశం. మీ కోసమే సర్."

బేరం లేని ధర. తగ్గుతుందనుకుని నేను చెప్పిన ధరే అట్ట మీద రాసిన ధరైంది, అదీ వేరేవాడు చెల్లించాల్సింది.

విచారణ రోజు కారిడార్లో నీళ్ల మెషీన్ దగ్గర లెస్లీ ఎదురయ్యాడు. సూటు వేసుకున్నాడు, కోటు చేతులు పొట్టిగా ఉన్నాయి. అంబులెన్సు ట్రైనింగుకి అతను ఎంపికయ్యాడని, ఆ కేసు తేలేదాకా ఆపి ఉంచారని నాకప్పటికే తెలుసు. ఎవరూ చూడకుండా అటు తిరిగి మెల్లగా మాట్లాడాడు.

"బాస్, జాడీ నా వల్లే పగిలింది. చెయ్యి కోసుకుంది, దానికి సారీ. స్టాండు తన్నాను. అంతా చెబుతాను లోపల. ఆ మాట ఒక్కటి తీసెయ్."

"ఇప్పుడది నా చేతిలో లేదు."

"మరెవరి చేతిలో ఉంది? నేను అనలేదని నీకు తెలుసు."

"అనుకుని ఉంటావు" అన్నాను.

అవును, అలాగే అన్నాను. ఇంతకంటే నీచమైన మాట నా నోటి నుంచి ఎప్పుడూ రాలేదు, షట్టర్ మీద రాసినదానితో సహా.

అతను నా వైపు తిరిగాడు. "నేను దాన్ని నీ షట్టర్ మీంచి తోమాను, బాస్" అన్నాడు. కోపం లేదు గొంతులో. గుర్తు చేస్తున్నట్టు, నేను మర్చిపోయానేమో అన్నట్టు. నేను పేపర్ కప్పులో నీళ్లు పట్టుకుని లోపలికి వెళ్లాను.

బోనులో నిలబడి ఆ రెండక్షరాలూ పైకి పలికాను. హాలంతా ముడుచుకుంది. లెస్లీ తన వంతు వచ్చినప్పుడు, తను అన్నది 'నువ్వు కూడానా, బాస్' అని మాత్రమే అని చెప్పాడు. అతని లాయరు అంతకుముందే నన్ను అడిగాడు ఆ సంగతి.

"అతను 'నువ్వు కూడానా, బాస్' అనడం మీరు విన్నారా?"

"వినలేదు."

ముగ్గురు మేజిస్ట్రేట్లు బయటికెళ్లి తొందరగానే తిరిగొచ్చారు. మధ్యలో కూర్చున్న పెద్దావిడ, నన్ను నమ్మదగిన సాక్షిగా భావిస్తున్నామంది, ఇలాంటి బాధని ఇదివరకులా తేలిగ్గా తీసుకునే రోజులు పోయాయంది. ఇక్కడొకటి చెప్పకపోతే ఈ రాసిందంతా దండగ. అప్పుడు నాకు సంతోషం కలిగింది. తప్పు చేశానన్న వణుకు కాదు, సంతోషం. ఆ దేశంలో తెల్లవాళ్లు కూర్చుని నా మాటనీ ఇంకొకడి మాటనీ తూచి, నావైపు ముల్లు చూపించడం అదే మొదటిసారి. అవతలి తక్కెడలో ఎవరున్నారన్నది ఆ క్షణం నేను చూడలేదు. చూశాను. అయినా సంతోషమే.

జైలు వేయలేదు. జరిమానా, కొన్నాళ్లు కోర్టు చెప్పినచోట జీతం లేని పని, పేరు పక్కన జాతి ద్వేషం. అంబులెన్సు ట్రైనింగు పోయింది. తరవాత పోర్టరు పని కూడా. హాస్పిటల్ వాళ్లు కూడా కొత్త రూలు పెట్టుకున్నారు కదా, జాతి ద్వేషాన్ని ఏమాత్రం సహించేది లేదని. ఆ రూలు కింద మొదట బయటికి పోయినవాడు అతనేనని నాకు గ్రేసమ్మ చెప్పింది. గ్రేసమ్మది గుంటూరు, అదే హాస్పిటల్లో నర్సు, కరివేపాకు కోసం వారం వారం వచ్చేది.

"అన్నయ్యగారూ, మా వార్డు ముసలోళ్లు ఆయన వస్తేనే స్కానింగుకి వెళ్లేవాళ్లు. ఆ నోట అట్టాంటి మాట నేనెప్పుడూ వినలా. మీరు సరిగ్గానే విన్నారా?"

"నీ చెవులు అక్కడ లేవు కదమ్మా" అన్నాను.

తను కరివేపాకు మళ్లీ షెల్ఫులో పెట్టేసి వెళ్లింది. ఆ తరవాత రాలేదు.

నేను మాత్రం పైకి పోయాను. వ్యాపారుల తరఫున పోలీసుల సలహా కమిటీలో నన్ను వేసుకున్నారు. మీటింగులో పెద్దాఫీసరు, జాతి ద్వేషం ఫిర్యాదులు పెరుగుతున్నాయంటే జనానికి మా మీద నమ్మకం పెరిగినట్టే అన్నాడు. ఆ పెరిగినవాటిలో నాదీ ఉంది. వెనక నుంచి లెస్లీ తల్లి లేచింది. మోకాళ్ల నొప్పులతో కుర్చీ పట్టుకుని నిలబడింది. నా కొడుకుని ఇప్పుడు రోడ్డు మీద ఇంకా ఎక్కువ ఆపుతున్నారు, పేరు చెప్పగానే కంప్యూటర్లో ఏదో కనిపిస్తుందట, అది చూసి నవ్వుతారట, ఏం సంస్కరించారు మీరు అని అడిగింది. ఆఫీసరు నావైపు తిరిగి, మన వ్యాపార మిత్రుడి అనుభవం విందాం అన్నాడు. నేను లేచి, ఫోన్ చేస్తే పోలీసులు టీ చల్లారేలోపే వచ్చారని చెప్పాను. కొందరు నవ్వారు. చప్పట్లు కూడా కొట్టారు. ఆవిడ కూర్చుంది. నేనెవరో ఆవిడకి తెలుసు. నా బిస్కెట్ల ప్లేటు నిండుగానే ఉంది.

ఏళ్ల తరవాత ఒకసారి నార్తాంప్టన్ రోడ్డు మీద కారులో పోతుంటే, పక్కన పోలీసులు ఒక పొడుగాటి నల్ల మనిషిని ఆపి చేతులు చాపించి వెతుకుతున్నారు. వేగం తగ్గించి చూశాను. లెస్లీ కాదు. హమ్మయ్య అనుకున్నాను. కొంత దూరం పోయాక ఆ హమ్మయ్య దేనికో అర్థమైంది. వాడెవడైతే నాకేం, అతను కాకపోతే చాలు. నా పశ్చాత్తాపం పొడవు అంతే.

ఈమధ్య కొట్టు అమ్మేశాను. కొన్నవాళ్లు పాత షట్టర్ విప్పించారు. తాళాలు ఇవ్వడానికి వెళ్లినప్పుడు దాన్ని గోడకి ఆనించి ఉంచారు, ఎండ ఏటవాలుగా పడుతోంది. ఆ వెలుగులో ఆ మాట నీడలా కనిపించింది. కిందిసగం మాత్రమే. నేను తోమిన సగం. పైసగం చోట ఏమీ లేదు, శుభ్రంగా ఉంది.

క్షమించమని మిమ్మల్ని అడగను. అడిగితే అదీ బేరమే అవుతుంది, నేను బేరం మొదలెడితే గెలిచేదాకా వదలను. లెస్లీ ఎక్కడున్నాడో కనుక్కోలేదు. కనుక్కోవడం కష్టం కాదు. ఇది తీసుకెళ్లి ఎవరికి ఇవ్వాలో, ఏ కోర్టు మెట్లెక్కాలో కూడా నాకు తెలుసు. ఎక్కుతానని మాటివ్వను. నా మాట విలువ ఎంతో ఇప్పుడు మీకు తెలుసు.

ఒక్క జవాబు మాత్రం మార్చి చెబుతాను. తగ్గింపు లేకుండా, కొసరు లేకుండా. అతను 'నువ్వు కూడానా, బాస్' అనడం మీరు విన్నారా అని అడిగాడు కదా ఆ లాయరు.

విన్నాను.